ట్రక్కు బయట గర్జించాలి, లోపల హుమ్మనకూడదు

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. నా దగ్గర 2018 నాటి షెవర్లే సిల్వరాడో 1500 క్రూ క్యాబ్ ఉంది. 5.3 లీటర్ల వీ8 ఇంజన్, ఆరు గేర్ల ఆటోమేటిక్. కంపెనీ బిగించిన సైలెన్సర్ మరీ మెత్తగా ఉండడం వల్ల వీ8 నడుపుతున్నానన్న తృప్తి కలగడం లేదు. అయితే ఇటీవల సైలెన్సర్ మార్పించుకున్న నా మిత్రుడి ట్రక్కులో గంటసేపు ప్రయాణం చేస్తే తలనొప్పి వస్తోంది. వెనక సీట్లో ఉన్నవారు ఒకరి మాట ఒకరికి వినిపించక అవస్థ పడుతున్నారు. నేను రోజూ టోల్‌వే మీద 70 మైళ్ల వేగంతో ఆఫీసుకు వెళ్లి వస్తాను. వేసవిలో రెండు మూడుసార్లు చిన్న పడవను ట్రెయిలర్ మీద టెక్సోమా సరస్సుకు లాక్కెళతాను. వచ్చే నెల గుంటూరు నుంచి మా అమ్మగారు వచ్చి ఆరు నెలలు మాతో ఉంటారు. బయట మంచి శబ్దం, లోపల ప్రశాంతత రెండూ కావాలంటే ఏది కొనాలి?

సమాధానం: మీ మిత్రుడి ట్రక్కులో జరుగుతున్నదేమిటో ముందు తేల్చుకుంటే, మీరు ఏది కొనాలో, అంతకంటే ముఖ్యంగా ఏది కొనకూడదో చాలావరకు తేలిపోతుంది. ఆయనను బాధిస్తున్నది శబ్దం పెద్దది కావడం కాదు, ఒకే శ్రుతిలో హెచ్చుతగ్గులు లేకుండా గంటల తరబడి సాగే లోతైన మోత. ఖాళీ బిందె అంచుకు పెదవి ఆనించి ఊదితే, ఒక్కొక్క బిందె తన పరిమాణాన్ని బట్టి ఒక్కొక్క శ్రుతిలో హుమ్మంటుంది. అద్దాలన్నీ ఎత్తిన ట్రక్కు క్యాబిన్ కూడా అటువంటి బిందే. ఇంజన్ నుంచి వచ్చే శబ్దపు శ్రుతి ఆ బిందె శ్రుతికి దగ్గరపడినప్పుడు పుట్టే మోతనే ఇక్కడి మెకానిక్కులు డ్రోన్ అంటారు. అందువల్ల సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు వీధి అదిరేలా గర్జించే సైలెన్సర్ హైవే మీద బుద్ధిగా ఉండవచ్చు, ఇంటి ముందు ఎంతో మర్యాదగా వినిపించినది 70 మైళ్ల దగ్గర నరకం చూపించవచ్చు. ఏది ఎంత పెద్దగా మోగుతుందన్న ప్రశ్నను పక్కన పెట్టి, మీ బండి రోజూ తిరిగే వేగంలో ఏ శ్రుతి పుడుతుందన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

ఆ లెక్క మీరే వేసుకోవచ్చు. నాలుగు స్ట్రోకుల వీ8 ఇంజన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగేలోగా ఎనిమిది సిలిండర్లూ ఒక్కొక్కసారి పేలతాయి కనుక, ఒక చుట్టుకు నాలుగు పేలుళ్లు. మీ ట్రక్కుకు 3.42 గేరు నిష్పత్తి ఉన్న వెనక యాక్సిల్, 18 అంగుళాల రిమ్ముల మీద 265/65 టైర్లు ఉన్నాయనుకుంటే, ఆరో గేరులో 70 మైళ్ల వేగానికి ఇంజన్ నిమిషానికి సుమారు 1,750 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు దాదాపు 117 పేలుళ్లు, 117 హెర్ట్జ్‌ల శ్రుతి. ఇంతవరకు సులువే. కానీ మీ ఇంజన్‌లో జనరల్ మోటార్స్ (జీఎం) వారు యాక్టివ్ ఫ్యూయెల్ మేనేజ్‌మెంట్ అని పిలిచే ఏర్పాటు ఉంది. బరువు లేకుండా సమతల రోడ్డు మీద పోతున్నప్పుడు అది నాలుగు సిలిండర్లను నిద్రపుచ్చి, మిగిలిన నాలుగింటితో బండిని నడుపుతుంది. అప్పుడు పేలుళ్లు సగానికి తగ్గి, అదే వేగంలో శ్రుతి 58 హెర్ట్జ్‌లకు దిగుతుంది. మీ ట్రక్కు ఒకటి కాదు, రెండు శ్రుతుల్లో పాడే బండి.

ఇప్పుడు బిందె సంగతి చూద్దాం. ముందు అద్దం నుంచి వెనక అద్దం వరకు క్యాబిన్ పొడవు సుమారు రెండున్నర మీటర్లు అనుకుంటే, దానిలో నిలువగల మొదటి అలకు శ్రుతి 70 హెర్ట్జ్‌లకు కాస్త అటూ ఇటూగా, రెండో అలకు దానికి రెట్టింపుగా ఉంటుంది. మీ ఇంజన్ పాడే రెండు శ్రుతులూ వీటికి చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇటువంటి నిలకడ అలలో ఒత్తిడి రెండు చివర్లలో ఎక్కువగా, మొదటి అలకైతే నడిమధ్యలో తక్కువగా ఉంటుంది. స్టీరింగు దగ్గర కూర్చున్నవారి తల క్యాబిన్ మధ్యకు దగ్గరగా ఉంటుంది, వెనక సీట్లోవారి తల వెనక అద్దానికి ఆనుకున్నంత దగ్గరగా ఉంటుంది. అందుకే "నాకేమీ ఇబ్బందిగా లేదే" అని నడిపేవారు నిజాయితీగానే అంటుండగా, వెనకనున్నవారు చెవులు పట్టుకుని కూర్చుంటారు. మీ విషయంలో ఆ సీటు అమ్మగారిది. కనుక ఏ సైలెన్సర్‌నైనా డ్రైవరు సీట్లో కూర్చుని పరీక్షించవద్దు. వేరొకరికి తాళాలిచ్చి, మీరు వెనక కూర్చుని, టోల్‌వే మీద ఇరవై నిమిషాలు తిరిగి రండి.

కంపెనీ సైలెన్సర్ ఎందుకంత మెత్తగా ఉందో కూడా దీనితో అర్థమవుతుంది. నాలుగు సిలిండర్ల మీద నడిచేటప్పుడు పుట్టే 58 హెర్ట్జ్‌ల మోతను అణచడానికే అంత పెద్ద డబ్బాను, లోపల అన్ని గదులను పెట్టారు. ఆ తరం జీఎం ట్రక్కుల్లో చాలావాటికి గొట్టంలో స్ప్రింగుతో మూసుకునే రెక్క ఒకటి ఉండేది కూడా ఇందుకే. బయటి సంస్థల సైలెన్సర్లలో చాలా వరకు చిన్న డబ్బాలు. అవి 117 హెర్ట్జ్‌లను కొంత ఆపగలవు గాని, 58ని దాదాపు యథాతథంగా క్యాబిన్‌లోకి పంపిస్తాయి. మీ మిత్రుడిది కూడా ఇటువంటి ట్రక్కే అయితే ఒక చిన్న పరీక్ష చేయమనండి. డాష్‌బోర్డు తెరలో ఇంజన్ వీ8గా నడుస్తోందా, వీ4గా నడుస్తోందా అన్నది కనిపిస్తుంది. మోత వీ4 అని చూపినప్పుడే వచ్చి, వీ8కి మారగానే పోతుంటే, దోషం సైలెన్సర్‌ది సగం, సిలిండర్లను ఆపే ఏర్పాటుది సగం. గేరును మాన్యువల్ స్థానంలో పెడితే సాధారణంగా ఎనిమిది సిలిండర్లూ పనిచేస్తూనే ఉంటాయి కనుక, పైసా ఖర్చు లేకుండా ఈ తేడాను ఒక్క ప్రయాణంలో తెలుసుకోవచ్చు. స్టీరింగు కింద, మెకానిక్కులు ఇంజన్ కంప్యూటర్‌ను పరీక్షించడానికి వాడే ఓబీడీ సాకెట్‌కు తగిలించి ఆ ఏర్పాటును ఆపివేసే చిన్న పరికరాలు కూడా దొరుకుతాయి. పెట్రోలు కొద్దిగా ఎక్కువ తాగుతుందన్న ఒక్క సంగతి ఒప్పుకుంటే, ఆయనకు కొత్త సైలెన్సర్ కంటే అదే చౌక కావచ్చు.

యూట్యూబ్ వీడియోలు చూసి ఎంచుకోవాలని మీకు తప్పక అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. చాలా ఏళ్ల క్రితం నేను అదే చేసి, వీడియోలో తీయగా గురగురమన్న సైలెన్సర్‌ను కొని, నెల తిరగకుండా నష్టానికి అమ్ముకున్నాను. ఫోన్ మైకు లోతైన శ్రుతులను సరిగా పట్టుకోదు. పైగా శబ్దం పెరిగినప్పుడల్లా తనంతట తాను తగ్గించుకుంటుంది. మిమ్మల్ని ఏడిపించే భాగమే రికార్డింగులో ఉండదన్నమాట. ప్రకటనల్లో వేసే డెసిబెల్ అంకెల పరిస్థితి కూడా ఇంతే. అవి సాధారణంగా ఏ-వెయిటింగ్ అనే కొలతలో ఉంటాయి. ఆ కొలత 63 హెర్ట్జ్‌ల దగ్గర 26 డెసిబెల్‌లను, 125 హెర్ట్జ్‌ల దగ్గర 16 డెసిబెల్‌లను తీసివేసి లెక్క చెబుతుంది. అందువల్ల కాగితం మీద కంపెనీ సైలెన్సర్ కంటే రెండు డెసిబెల్‌లే ఎక్కువ అని కనిపించేది, క్యాబిన్‌లో గుండెల మీద గుద్దినట్టు అనిపించవచ్చు. మీరే కొలుచుకోవాలనుకుంటే ఫోన్ యాప్‌లో లోతైన శ్రుతులను అంతగా తీసివేయని సీ-వెయిటింగ్ కొలత ఎంచుకుని, ఒకే ఫోన్‌తో, ఒకే రోడ్డు మీద, పాత సైలెన్సర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కొలవండి. ఆ అంకెలను విడిగా నమ్మకుండా వాటి మధ్య తేడాను మాత్రమే చూడండి.

ఇక కొనుగోలు సంగతి. మనం సైలెన్సర్ అనేదాన్ని ఇక్కడ మఫ్లర్ అంటారు కదా, బజారులో అవి ముఖ్యంగా రెండు జాతులు. మొదటిది గదులున్నది. లోపల ఇనుప రేకుల గోడలుంటాయి, శబ్దం వాటికి కొట్టుకుని తిరిగి వచ్చి తనను తానే కొంత చంపుకుంటుంది. పాత అమెరికన్ వీ8ల గరగరమనే గొంతు దీనిది. కానీ డబ్బా చిన్నదై గదులు రెండే ఉంటే హైవే మోతకు ఇదే పుట్టిల్లు. ఫ్లోమాస్టర్ వారి 40 సిరీస్ పేరు మీరు వినే ఉంటారు. బయటినుంచి వినడానికి దాని గొంతు నాకూ ఇష్టమే, అయితే రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి, వెనక పెద్దవారు కూర్చునే బండికి నేను దాన్ని సిఫారసు చేయను. అదే సంస్థ 70 సిరీస్ డబ్బా పెద్దది కనుక మోత తక్కువ. రెండో జాతి తిన్నగా పోయే గొట్టానిది. చిల్లులున్న గొట్టం చుట్టూ ఫైబర్ దూది కూరి, పైన రేకు తొడుగుతారు. దూది పై శ్రుతులను బాగా మింగుతుంది, లోతైన శ్రుతులను మింగాలంటే డబ్బా పొడవుగా, లావుగా ఉండాలి. మీరు ఈ జాతినే తీసుకోండి, కాని మీ ట్రక్కు కింద పట్టేవాటిలో అన్నిటికంటే పొడవైన డబ్బాను అడగండి. కౌంటర్లో ఉన్న వ్యక్తి చిన్నదాన్ని అంటగట్టబోతే, అది గొంతు ఎక్కువ పలుకుతుందని ఆశపెడతాడు. ఆ గొంతు మీకు సిగ్నల్ దగ్గర అర నిమిషం, మోత మాత్రం దారి పొడవునా.

కొన్ని సంస్థలు శబ్దపు స్థాయిని బట్టి పేర్లు పెడతాయి. ఉదాహరణకు బోర్లా వారిది టూరింగ్, ఎస్-టైప్, అటాక్ అనే వరుస, టూరింగ్ అన్నిటికంటే నెమ్మదైనది. మీరు చెప్పిన అవసరాలకు టూరింగ్ స్థాయిని దాటకండి. నడిమి రకం చాలు అని కొనేవారు చాలామంది దానిని తలుపులు తెరిచిన షాపులోనో, ఖాళీ పార్కింగ్ స్థలంలోనో విని నిర్ణయిస్తారు. బిందె అక్కడ లేదు కదా.

వీటికంటే తెలివైన ఉపాయం ఒకటుంది. ప్రధాన గొట్టానికి పక్కన, ఒక చివర మూసేసిన మరో గొట్టాన్ని అతికిస్తారు. అక్షరం జె ఆకారంలో వంచుతారు కనుక దానిని జె-పైపు అంటారు. శబ్దం దానిలోకి వెళ్లి, మూసిన చివర కొట్టుకుని తిరిగి వచ్చేసరికి సరిగ్గా ఎదురుగా నిలిచి, ఆ ఒక్క శ్రుతిని రద్దు చేస్తుంది. పొడవు అలలో నాలుగో వంతు ఉండాలి. వేడి వాయువులో శబ్దం చల్లని గాలిలో కంటే వేగంగా పోతుంది కనుక, సైలెన్సర్ దగ్గర 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుంటే 117 హెర్ట్జ్‌లకు ఈ గొట్టం మీటరుకు అటూ ఇటూగా వస్తుంది. మూసిన గొట్టంలో వాయువు కొంత చల్లబడుతుంది కనుక నిజానికి ఇంకాస్త పొట్టిగా ఉండాలి, అనుభవమున్న వెల్డరు ముందు పొడుగ్గా పెట్టి, నడిపి చూసి, కోసుకుంటూ వస్తాడు. దాన్ని చివరి కొస దగ్గర కాకుండా సైలెన్సర్ సమీపంలో అతికించమనండి, తెరిచిన కొస దగ్గర ఒత్తిడి తక్కువగా ఉండడం వల్ల అక్కడ అది అంతగా పనిచేయదు. 58 హెర్ట్జ్‌లకు మాత్రం రెండు మీటర్ల గొట్టం కావాలి, అంత చోటు ట్రక్కు కింద దొరకడం కష్టం. వీ8 మోతకు జె-పైపు, వీ4 మోతకు పెద్ద డబ్బా లేదా ఆ ఏర్పాటును ఆపివేయడం అని నేను విడదీసి చెప్పడానికి కారణం ఇదే. కోర్సా, ఏడబ్ల్యూఈ వంటి సంస్థలు ఈ పక్కదారి సూత్రాన్నే సైలెన్సర్ లోపల ఇమిడ్చి, మోత లేదన్న పేరుతో అమ్ముతాయి. ఖరీదు ఎక్కువే అయినా, సూత్రం బలమైనది. ఏ శ్రుతికి సరిచేశారో, నాలుగు సిలిండర్ల స్థితిలో పరీక్షించారో లేదో కొనేముందు అడగండి.

గొట్టాల అమరికలో మీ ట్రక్కును వీలైనంత వరకు కంపెనీ ఇచ్చిన దారిలోనే ఉంచండి. మీ ఇంజన్‌లో ఒక్కొక్క వైపు ఉన్న నాలుగు సిలిండర్ల వరుసను విడిగా తీసుకుంటే పేలుళ్లు సమాన వ్యవధిలో రావు. రెండు వరుసలూ ఒకే గొట్టంలో కలిసినప్పుడే ఆ లయ సర్దుకుంటుంది. రెండు వైపుల నుంచి రెండు గొట్టాలను చివరిదాకా విడివిడిగా లాగితే, ఆ ఎగుడుదిగుడు లయ నుంచి పుట్టే ఇంకా లోతైన శ్రుతులు క్యాబిన్‌లోకి చేరతాయి. వెనక రెండు కొసలు కనిపించాలన్న ముచ్చట ఉంటే, ఒక గొట్టం సైలెన్సర్‌లోకి వెళ్లి రెండుగా బయటికి వచ్చే రకం తీసుకోండి. కొస మాత్రం వెనక చక్రం దాటిన తరువాతే తెరుచుకోవాలి. చక్రానికి ముందు, సామాను వేసే తొట్టి కిందే వదిలివేసే చౌక అమరికలో మోత నేరుగా క్యాబిన్ అడుగుకు తగులుతుంది, పొగ కూడా తలుపుల దగ్గరే తిరుగుతుంది. గొట్టం వ్యాసం 3 అంగుళాలు మీ ఇంజన్‌కు ధారాళంగా సరిపోతుంది. అంతకంటే లావు చేస్తే కలిసి వచ్చేది మోతే గాని, బలం కాదు. అసలు బలం కోసం ఈ పని తలపెట్టకండి, ఈ మార్పుతో పెరిగే కొద్దిపాటి హార్స్‌పవర్ మీ పాదానికి తెలియదు.

బోస్ ఆడియో ఉన్న కొన్ని జీఎం బండ్లలో పైకప్పు గుడ్డ వెనక చిన్న మైకులుండి, ఇంజన్ మోతకు ఎదురు శబ్దాన్ని స్పీకర్లతో వినిపించి రద్దు చేసే ఏర్పాటు ఉంటుంది. అది కంపెనీ సైలెన్సర్‌కు సరిచేసినది. కొత్త సైలెన్సర్‌తో అది తికమకపడి, మోతను తగ్గించే బదులు పెంచే సందర్భాలుంటాయి. మీ పైకప్పులో మైకులున్నాయేమో చూసుకోండి. ఉంటే, కొత్త సైలెన్సర్‌ను నిందించే ముందు ఆ ఏర్పాటును తాత్కాలికంగా ఆపించి మరోసారి నడిపి చూడండి.

తలుపులకు, నేలకు నల్లని బ్యూటైల్ రబ్బరు పట్టీలు అతికిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. అవి రేకు కంపనాన్ని తగ్గిస్తాయి, తలుపు మూసినప్పుడు ధనవంతుల కారులా దబ్బుమంటుంది, అది నిజమే. కాని 58 హెర్ట్జ్‌ల మోతను ఆపాలంటే ఆ పట్టీలు అతికించడం కాదు, గోడ కట్టాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. పొగలోని హానికర వాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్‌ను తీసివేయడం దేశమంతటా ఫెడరల్ చట్టానికి విరుద్ధం కనుక, మీరు కొనేది దాని వెనక నుంచి మాత్రమే మొదలవ్వాలి. దానినే క్యాట్-బ్యాక్ అంటారు. టెక్సస్‌లో మంచి స్థితిలో ఉన్న మఫ్లర్ తప్పనిసరి, దానిని తప్పించి పొగను బయటికి వదిలే దొంగదారులు నిషిద్ధం. 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు భద్రతా తనిఖీ ఎత్తివేశారు గాని, ఫ్రిస్కో విస్తరించిన కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ పొగ పరీక్ష కొనసాగుతోంది. మన ఊళ్లలో బుల్లెట్ బండ్లకు మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ రోలరు రాదు, పొరుగువారి ఫిర్యాదు వస్తుంది.

నేనైతే ఈ వరుసలో వెళతాను. మొదట కంపెనీ గొట్టాలను అలాగే ఉంచి, సైలెన్సర్ ఒక్కదాన్నే పొడవైన, తిన్నని గొట్టం రకానికి మార్పిస్తాను. పూర్తి క్యాట్-బ్యాక్ ఖరీదులో చిన్న భాగంతో ఆ పని అయిపోతుంది. కోయడం తప్పదు కనుక, పాత సైలెన్సర్‌ను రెండు వైపులా తగినంత గొట్టంతో కోయించి గరాజులో దాచుకుంటాను. బిగించిన తరువాత బండి కింద దూరి, గొట్టం ఛాసిస్‌కు గాని, అడుగు రేకుకు గాని ఎక్కడా అర అంగుళం కంటే దగ్గరగా లేదని, రబ్బరు వేలాడే కొక్కేలు సాగిపోలేదని చూసుకుంటాను. గొట్టం ఇనుముకు తగిలితే ఎంత మంచి సైలెన్సరైనా చెడ్డదానిలా మోగుతుంది, ఈ పొరపాటును సైలెన్సర్ తప్పుగా పొరబడేవారు ఎందరో. దూది ఉన్న సైలెన్సర్ గొంతు మొదటి కొన్ని వందల మైళ్లలో కాస్త మారుతుంది కనుక, మొదటి రోజే తీర్పు చెప్పను. అప్పటికీ వీ8 మీద మోత మిగిలితే జె-పైపు అతికించమంటాను, వీ4 మీద మిగిలితే ఓబీడీ పరికరం తగిలిస్తాను.

పడవ లాగేటప్పుడు లెక్క మారుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. ట్రెయిలర్ బరువుతో గేరు ఒకటి తగ్గి ఇంజన్ 2,200 లేదా 2,400 చుట్లలో ఎక్కువసేపు తిరుగుతుంది, శ్రుతి 150, 160 హెర్ట్జ్‌లకు పెరుగుతుంది. అది రోజువారీ శ్రుతికి సరిచేసిన జె-పైపుకు అందదు. సంవత్సరంలో రెండు మూడు ప్రయాణాల కోసం దాన్ని పట్టించుకోవద్దనే నా సలహా. టోల్‌వే శ్రుతికే సరిచేయించుకోండి, టెక్సోమా దారిలో కాస్త మోత భరించండి. అమ్మగారు రావడానికి కనీసం రెండు వారాల ముందే బిగించే పని ముగించి, ఆవిడ కూర్చోబోయే సీట్లో మీరు కూర్చుని, మీ ఇంట్లో వారిచేత ఒకసారి ఎయిర్‌పోర్టు దాకా నడిపించుకుని చూడండి. ఆ ప్రయాణంలో గొంతు పెంచకుండా మాట్లాడుకోలేకపోతే, గరాజులో ఉన్న పాత సైలెన్సర్‌ను తిరిగి వెల్డింగ్ చేయించడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.